పాత కారులో ఫ్యూయల్ పంపు పదేపదే ఎందుకు పోతుంది? మూడోది కొనే ముందు చూడాల్సినవి

పదేళ్లు దాటిన పెట్రోల్ కారు రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. ఫ్యూయల్ పంపు పోయిందని మెకానిక్ చెబుతారు. వేల రూపాయలు పెట్టి కొత్తది వేయిస్తారు. ఆరేడు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే కథ. రెండో పంపు నాసిరకానిదేమో అనుకుని ఈసారి ఇంకాస్త ఖరీదైనది వేయిస్తారు. కొన్నాళ్లకు అదీ పోతుంది.

లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో పంపు అరిగిపోవడం సహజమే. కానీ కొత్తగా వేసిన పంపు ఏడాది లోపే పోయిందంటే, దాన్ని పాడుచేస్తున్న కారణం బండిలోనే ఇంకా ఉందని అనుమానించాలి. ఆ కారణం పట్టుకోకుండా పంపులు మారుస్తూ పోతే డబ్బు పోతుంది, సమస్య మిగులుతుంది. పైగా వంతెన మీదో, హైవే మీదో వేగంగా వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఆగిపోతే ప్రాణాలకే ప్రమాదం.

సూరత్‌లోని కతర్‌గామ్‌లో బండ్ల వాడకం చూస్తే ఈ సమస్య సులువుగా అర్థమవుతుంది. తాపీ నది ఒడ్డున వజ్రాలకు సానపట్టే యూనిట్లు, చిన్న పరిశ్రమలు, ఇళ్లు కలిసిపోయి ఉండే ప్రాంతం ఇది. ఇక్కడి కార్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి నుంచి యూనిట్‌కు, వంతెన దాటి అమ్రోలికి, మళ్లీ వెనక్కి చిన్న చిన్న దూరాలే తిరుగుతాయి. గుజరాత్‌లోని మిగతా నగరాల్లో లాగే ఇక్కడా చాలా కార్లు సీఎన్‌జీ మీద నడుస్తాయి. దీపావళికి వజ్రాల యూనిట్లు సెలవులిచ్చినప్పుడు అవే కార్లు వందల కిలోమీటర్ల దూరంలోని సౌరాష్ట్ర ఊళ్లకు బయలుదేరుతాయి. అదే నగరంలో లింబాయత్ వైపు స్థిరపడిన తెలంగాణ చేనేత కుటుంబాల వారూ పండగలకు, పెళ్లిళ్లకు కార్లలో సొంత జిల్లాలకు వస్తుంటారు. రోజూ చిన్న దూరాలు, ఎప్పుడో ఒకసారి పెద్ద ప్రయాణం, ట్యాంకులో అడుగంటిన పెట్రోల్. ఈ మూడూ కలిస్తే పంపు మీద భారం పడుతుంది.

పంపు ఎలా పనిచేస్తుంది?

పాత కార్బురేటర్ కార్లలో పంపు ఇంజిన్ పక్కనే ఉండేది. ఇంజిన్ తిరిగితే అదీ తిరిగేది. ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు వచ్చాక పంపు ట్యాంకు లోపలికి వెళ్లింది. అది ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు. దాని అడుగున పెట్రోల్‌ను వడకట్టే జాలి, ఇంపెల్లర్ అనే చిన్న చక్రం, పక్కన ప్రెజర్ రెగ్యులేటర్, ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో చెప్పే ఫ్లోట్ ఉంటాయి. ఇవన్నీ కలిసి ఒకే అసెంబ్లీగా వస్తాయి. చాలా ఎంపీఎఫ్ఐ కార్లలో ఇది సుమారు 3 నుంచి 4 బార్ ప్రెజర్‌తో పెట్రోల్‌ను ఇంజెక్టర్లకు పంపుతుంది. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది.

పెట్రోల్ ఈ మోటారు లోపలి నుంచే ప్రవహిస్తుంది. దాన్ని చల్లబరిచేదీ, లోపలి భాగాలు రాపిడికి అరగకుండా కాపాడేదీ ఆ పెట్రోలే. నీళ్లు అడుగంటిన బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు నడిపితే ఏమవుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. ట్యాంకు ఖాళీగా ఉంచి నడిపితే ఫ్యూయల్ పంపుకూ అదే గతి పడుతుంది.

సీఎన్‌జీ కార్లలో ఎందుకు ఎక్కువ?

సీఎన్‌జీ కిట్ ఉన్న చాలా కార్లు ముందు పెట్రోల్ మీద స్టార్టయి, ఇంజిన్ కాస్త వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. అంటే బండి తీసిన ప్రతిసారీ పంపు పనిచేస్తుంది, కొంత పెట్రోల్ ఖర్చవుతుంది. రోజుకు ఐదారుసార్లు చిన్న దూరాలు తిరిగే కారులో ఈ ఖర్చు కంటికి కనిపించదు. నడిచేది గ్యాస్ మీదే కదా అని యజమాని పెట్రోల్ ముల్లు వైపు చూడరు. ముల్లు రిజర్వ్ దగ్గరే నెలల తరబడి ఉండిపోతుంది.

రెండో చిక్కు వైరింగ్‌లో ఉంటుంది. బండి గ్యాస్‌కు మారాక పెట్రోల్ పంపుకు కరెంటు ఆపేలా కొన్ని కిట్లలో రిలే అమరుస్తారు. బయట బిగించిన కిట్లలో ఒక్కోసారి ఆ రిలే ఉండదు, లేదా ఎప్పుడో రిపేరులో తీసేసి వైర్లు నేరుగా కలిపేసి ఉంటారు. అప్పుడు బండి గ్యాస్ మీద నడుస్తున్నంతసేపూ పంపు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్‌కు పెట్రోల్ అవసరం లేదు కాబట్టి అదే కొద్దిపాటి పెట్రోల్ రెగ్యులేటర్ గుండా తిరిగి ట్యాంకులోకే వస్తూ వేడెక్కుతుంది. సూరత్ వేసవి ఎండ దానికి తోడవుతుంది.

మూడోది నిల్వ. నెలల తరబడి వాడని పెట్రోల్‌లో తేలికైన భాగాలు ఆవిరైపోయి జిగురు లాంటి పదార్థం మిగులుతుంది. అది జాలిని, ఇంజెక్టర్లను పట్టేస్తుంది.

సీఎన్‌జీ కారులో పంపు రెండోసారి పోయిందంటే ముందు చూడాల్సింది ఇదే. బండి గ్యాస్ మీద నడుస్తుండగా వెనక సీటు కింద చెవి పెట్టి వింటే పంపు తిరుగుతున్న సన్నని మోత వినిపిస్తోందా? వినిపిస్తే కిట్ వైరింగ్‌ను పరీక్షించాలి. మల్టీమీటర్‌తో చూస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. అయితే గ్యాస్ మీద నడిచేటప్పుడు కూడా పంపు తిరిగేలా తయారీదారే రూపొందించిన మోడళ్లు ఉండొచ్చు. అందుకే ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్‌తో పోల్చి చూడకుండా ఏ వైరూ కత్తిరించకూడదు. ట్యాంకులో కనీసం పావు వంతు పెట్రోల్ ఉంచడం, వారానికోసారి కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపడం అందరూ చేయగల పనులు.

పంపు బాగానే ఉండి, కరెంటు అందకపోతే?

పోయిందని తీసేసిన పంపు నిజానికి పోయి ఉండకపోవచ్చు. పాత బండిలో రిలే కాంటాక్టులు మసిబారతాయి, కనెక్టర్ పిన్నులు వదులవుతాయి, ఎర్తు వైరు తుప్పు పడుతుంది. దాంతో పంపుకు అందే వోల్టేజీ తగ్గుతుంది. అది నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెజర్ పడిపోతుంది. చూసేవారికి పంపు అరిగిపోయినట్టే కనిపిస్తుంది. కొత్త పంపు బిగించేటప్పుడు కనెక్టర్ ఊడదీసి మళ్లీ పెట్టడంతో పిన్నులు కాస్త శుభ్రపడి బండి నడుస్తుంది. కొన్ని వారాలకు పిన్నులు మళ్లీ వేడెక్కుతాయి, సమస్య తిరిగొస్తుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగినట్టు, గోధుమ రంగుకు మారినట్టు ఉంటే దాన్ని కూడా మార్చాల్సిందే.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు చేసే పొరపాటు ఒకటుంది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడతారు. 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు బాగానే వస్తోందని తేల్చేస్తారు. తుప్పు పట్టిన వైరు కూడా లోడు లేనప్పుడు 12 వోల్టులు చూపిస్తుంది. పంపు కలిపి, అది తిరుగుతుండగా కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉంటే పంపు దగ్గర కూడా దానికి దగ్గరగానే ఉండాలి. ప్లస్ వైపు అర వోల్టుకు మించి, ఎర్తు వైపు 0.2 వోల్టుకు మించి తేడా ఉంటే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. వోల్టేజీని నియంత్రించి పంపు వేగాన్ని మార్చే మాడ్యూల్ ఉన్న మోడళ్లకు ఈ లెక్క వర్తించదు. వాటికి మాన్యువల్ చూడాలి.

ట్యాంకు లోపల ఏముంది?

తీసేసిన పాత పంపును పారేయొద్దు. కారణం చెప్పే సాక్ష్యం అదే. దాని జాలిని తెల్ల కాగితం మీద విదిలించి చూడాలి. ఎర్రటి పొడి రాలితే ట్యాంకు తుప్పు పట్టిందని అర్థం. నల్లటి రబ్బరు తునకలు ఉంటే లోపలి గొట్టమో, సీలో కరుగుతోంది. మట్టి ఉంటే వరద నీరో, మూత సీలు పాడవడమో కారణం కావచ్చు. ట్యాంకును శుభ్రం చేయకుండా కొత్త పంపు వేస్తే అదే చెత్త కొన్ని రోజుల్లో కొత్త జాలిని కూడా మూసేస్తుంది. జాలి మూసుకుపోతే పంపు ఎక్కువ శక్తితో లాగాల్సి వస్తుంది, చల్లదనానికి సరిపడా పెట్రోల్ అందదు.

నీటి సంగతి సూరత్‌లో మరింత ముఖ్యం. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. వానాకాలంలో ఇక్కడి ఖాడీలు పొంగి కాలనీల్లోకి నీళ్లు రావడం తర్వాత కూడా చూస్తూనే ఉన్నాం. పాత కారు కొనేటప్పుడు అది ఎప్పుడైనా నీట మునిగిందా అని అడగడం ఎంత అవసరమో, సీటు కింద కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉందేమో చూడటం కూడా అంతే అవసరం.

ట్యాంకుకు గాలి ఆడకపోవడం ఇంకో కారణం. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ స్థానంలోకి గాలి రావాలి. ఆ దారి మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పంపు మీద భారం పెరుగుతుంది. అరగంట నడిపాక మూత తీసినప్పుడు గాలి బలంగా లోపలికి పీల్చుకుంటే, మూత తీసిన తర్వాత బండి మామూలుగా నడిస్తే, గాలి గొట్టాన్ని, వాల్వ్‌ను అనుమానించాలి. తీసినప్పుడు కొద్దిపాటి శబ్దం రావడం మామూలే.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతేంటి?

దేశంలో పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2022లో చేరుకున్నారు. 2025 నాటికి దాన్ని 20 శాతానికి పెంచారు. 20 శాతం మిశ్రమాన్ని తట్టుకునే భాగాలతో కొత్త వాహనాలు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. అంతకు ముందు తయారైన కార్ల యజమానుల ఆందోళన అక్కడి నుంచే మొదలైంది. ఈ మిశ్రమం వల్ల పెద్ద నష్టం లేదని, కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు వాడాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. 20 శాతం మిశ్రమాన్ని తప్పనిసరి చేయడాన్ని ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టివేసింది.

పంపు విషయంలో ఇథనాల్‌కు ఉన్న రెండు గుణాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు పరిమితి దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే. రెండోది, ఇథనాల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పేరుకున్న మడ్డిని అది కదిలిస్తుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి ట్యాంకు ఖాళీగా, కారు కదలకుండా నెలల తరబడి ఉంచడం ఇప్పుడు మరింత చేటు. అలాగని పంపు పోయిన ప్రతిసారీ నెపం ఇథనాల్ మీద వేయడం కూడా సరికాదు. జాలిలో రబ్బరు తునకలు, అడుగున నీరు కనిపిస్తేనే ఆ మాటకు ఆధారం ఉన్నట్టు.

పంపులోనే లోపం ఉంటే?

కొన్నిసార్లు తప్పు నిజంగా పంపుదే. జపాన్‌కు చెందిన డెన్సో తయారు చేసిన కొన్ని పంపుల్లో ఇంపెల్లర్‌కు వాడిన ప్లాస్టిక్ సాంద్రత తక్కువగా ఉండటంతో అది పెట్రోల్‌ను పీల్చుకుని ఉబ్బి, చుట్టూ ఉన్న గోడకు ఒరుసుకుని ఆగిపోయేది. దాంతో 2020 నుంచి ప్రపంచవ్యాప్తంగా పలు కంపెనీలు లక్షలాది కార్లను వెనక్కి పిలిచాయి.

భారత్‌లోనూ పంపు లోపాలతో రీకాల్‌లు జరిగాయి. 2020 జూన్‌లో హోండా 65,651 కార్లను, జులైలో మారుతీ సుజుకీ 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనో కార్లను ఫ్యూయల్ పంపు కోసం వెనక్కి పిలిచాయి. 2024 మార్చిలో మారుతీ మరో 11,851 బాలెనో, 4,190 వ్యాగన్ఆర్ కార్లకు ఇదే భాగంపై రీకాల్ ప్రకటించింది.

2024 అక్టోబర్‌లో హోండా ప్రకటించిన రీకాల్ మన చర్చకు మరీ దగ్గరగా ఉంటుంది. అందులోని 2,204 కార్లు అంతకు ముందే ఈ పంపును విడిభాగంగా మార్పించుకున్న పాత మోడళ్లు. అంటే పాత పంపు పోయిందని వేయించుకున్న కొత్త పంపే లోపం ఉన్న జాబితాలో చేరింది. కాబట్టి కారు ఏ సంవత్సరానిదో చూస్తే సరిపోదు. లోపల ఇప్పుడున్న పంపు ఎప్పుడు, ఎక్కడ కొన్నదో కూడా చూడాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే మార్పిడి ఉచితం.

నకిలీ విడిభాగాల బెడద వేరే. ప్యాకింగ్ మీద ఎంఆర్‌పీ, పార్ట్ నంబరు, తయారీ తేదీ లేని పంపు, బిల్లు ఇవ్వని షాపు రెండూ వద్దు. మోటారు మాత్రమే కొని పాత అసెంబ్లీలో బిగిస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ దానితో పాటు జాలి, సీలు కొత్తవి వేయకపోతే ఆ ఆదా నిలవదు.

ఎప్పుడు ఆగుతోంది?

బండి ఏ పరిస్థితిలో ఆగుతోందో నాలుగు రోజులు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

- ఎండలో, ట్రాఫిక్‌లో ఆగి, అరగంట చల్లబడ్డాక స్టార్టయితే: పంపు మోటారు, రిలే, లేదా క్రాంక్ సెన్సర్. చాలా కార్లలో ఈ సెన్సర్ సంకేతం ఆగితే కంప్యూటర్ పంపును ఆపేస్తుంది. అప్పుడు పంపు మీద నింద పడుతుంది.
- పెట్రోల్ పావు ట్యాంకు కంటే తగ్గినప్పుడే ఇబ్బంది పెడితే: జాలి, పంపు కూర్చునే గిన్నె, లోపలి గొట్టం.
- వానలో, బండి కడిగిన తర్వాత: కనెక్టర్, ఎర్తు.
- పెట్రోల్ కొట్టించిన వెంటనే: ఇంధనంలో నీరు లేదా కల్తీ, ట్యాంకు గాలి వాల్వ్.
- రాత్రంతా నిలిపాక పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాకపోతే: పంపులోని చెక్ వాల్వ్, రెగ్యులేటర్, కారుతున్న ఇంజెక్టర్.
- కొత్త పంపు వేసిన కొన్ని వారాల్లోనే: ట్యాంకులో చెత్త, నకిలీ పంపు, కరిగిన కనెక్టర్.

పరీక్షలు ఏ వరుసలో చేయాలి?

తక్కువ ఖర్చయ్యే పరీక్ష ముందు, ట్యాంకు విప్పే పని చివర. ఇగ్నిషన్ ఆన్ చేయగానే చాలా కార్లలో పంపు రెండు మూడు సెకన్లు మోగి ఆగుతుంది. ఆ శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఇమ్మొబిలైజర్ చూడాలి. తర్వాత పైన చెప్పినట్టు లోడు మీద వోల్టేజీ కొలవాలి.

వోల్టేజీ బాగుంటే ప్రెజర్ గేజ్ పెట్టాలి. ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు, ఇలా మూడుసార్లు చూడాలి. మొదట బాగుండి తొక్కినప్పుడు పడిపోతే ఫిల్టరో, జాలో మూసుకుపోయింది, లేదా పంపు బలహీనపడింది. ఆపగానే ప్రెజర్ దిగిపోతే ఎక్కడో వెనక్కి కారుతోంది.

క్లాంప్ మీటర్ ఉన్న గ్యారేజీలో పంపు తీసుకునే కరెంటు కూడా కొలవొచ్చు. వోల్టేజీ సరిగా ఉండి ఆంపియర్లు మామూలు కంటే ఎక్కువగా ఉంటే పంపు బిగుసుకుందని, లేదా ముందు దారి మూసుకుపోయిందని అర్థం. ఆంపియర్లు తక్కువగా ఉండి ప్రెజర్ కూడా తక్కువగా ఉంటే మోటారు బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, లేదా పంపుకు పెట్రోలే అందకపోయి ఉండొచ్చు. ఇవన్నీ చూశాకే పంపు విప్పి జాలిని, ట్యాంకు అడుగును పరిశీలించాలి.

ఇంట్లో చేయగలిగేది వినడం, రాసుకోవడం, ఫ్యూజు చూడటం వరకే. పెట్రోల్ లైను విప్పడం మెకానిక్ పని. అదీ గాలి ఆడే చోట, ప్రెజర్ దించి, బ్యాటరీ వైరు తీసి, దగ్గర నిప్పు లేకుండా చేయాలి. సీఎన్‌జీ కారైతే సిలిండర్ వాల్వ్ మూసేయాలి. పంపు వైర్లను బ్యాటరీకి తాకించి నిప్పురవ్వతో పరీక్షించే పద్ధతిని ఎవరు చేస్తున్నా ఆపండి.

బిల్లు మీద ఏం రాయించుకోవాలి?

గ్యారేజీకి వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. లోడు మీద వోల్టేజీ ఎంత వచ్చింది? ప్రెజర్ ఎంత ఉంది, ఆ మోడల్‌కు ఉండాల్సింది ఎంత? పాత జాలిలో ఏం దొరికింది? ట్యాంకు శుభ్రం చేశారా? ఈ అంకెలను బిల్లు మీద రాయించుకోండి. కొత్త పంపు వేశాక కూడా వోల్టేజీ, ప్రెజర్ మళ్లీ కొలిచి రాయమనండి. పాత పంపును వెనక్కి తీసుకోండి.

ఇంధనం మీద అనుమానం ఉంటే పెట్రోల్ బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, సాంద్రత పరీక్ష చేయించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. పంపుకు వారంటీ ఉండి షాపు తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు, అంకెలు, పాత పంపు చేతిలో ఉంటే మీ ఫిర్యాదుకు బలం ఉంటుంది. మళ్లీ ఆగితే మరో మెకానిక్ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేకుండా ఆ అంకెల దగ్గర నుంచే పని మొదలుపెట్టగలరు.